మొక్కల తొట్టిలో మన చేపలు

*గాజు తొట్టిలో పచ్చని మొక్కలు, వాటి మధ్య చిన్న చేపల గుంపు... ఈ సరదా ఇప్పుడు శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలోకీ వచ్చింది. మరి మన నీళ్లకు, మన ఎండకు, మన కరెంటుకు ఏ చేప నప్పుతుంది?*

మే నెల, ఆదివారం సాయంత్రం. విజయనగరంలో ఒక అక్వేరియం షాపు. బయట ఉక్కపోత, లోపల వరసగా పేర్చిన గాజు తొట్ల నుంచి నీలి వెలుగు. నాలుగో తరగతి కుర్రాడొకడు గాజుకు ముక్కు ఆనించి నిలబడ్డాడు. లోపల నియాన్ టెట్రాల గుంపు. ఒంటి మీద నీలం గీత, తోక వైపు ఎర్రటి పట్టీ. గుంపంతా ఒక్కసారి మళ్లినప్పుడు ఆ నీలం తళుక్కుమంటోంది.

“నాన్నా, ఇవే కావాల.”

“మొన్న కొన్నవి ఏటయ్యాయిరా? వారమైనా ఉన్నాయా?”

“అప్పుడు మొక్కల్లేవు కదా నాన్నా.”

షాపాయన మాట అందుకున్నాడు. “పిల్లోడు సరిగ్గా చెప్పాడు బాబూ. మొక్కలేస్తే బతికేస్తాయి. ఈ రెండు కట్టలు పట్టుకెళ్లండి. పాచి తినడానికి ఒక క్లీనర్ చేప కూడా వేస్తాను.”

“రెండు గోల్డ్‌ఫిష్‌లు కూడా వెయ్యండి. ఇంట్లో ఆవిడకి అవంటే ఇష్టం.”

పది నిమిషాల్లో బేరం తెగింది. ఆక్సిజన్ నింపిన పాలిథిన్ కవర్లు, రబ్బరు బ్యాండు వేసిన మొక్కల కట్టలు పట్టుకుని తండ్రీకొడుకులు బండెక్కారు. పిల్లాడి ముఖం వెలిగిపోతోంది.

ఆ కవర్లలో ఉన్న మూడు రకాల చేపలకూ మూడు రకాల బతుకులు. నియాన్ టెట్రా అమెజాన్ పరీవాహకంలో చెట్ల నీడన పారే వాగుల చేప. ఉప్పూ సున్నమూ తక్కువున్న నీళ్లు, 26 డిగ్రీలు దాటని చల్లదనం దానికి కావాలి. గోల్డ్‌ఫిష్ చల్లటి నీళ్ల చేప, పైగా లేత ఆకు కనబడితే వదలదు. ఇక ‘క్లీనర్’ పేరుతో అమ్మేది దక్షిణ అమెరికా సక్కర్ చేప. వేలెడంత ఉన్నప్పుడు కొంటాం, పెరిగితే మూరెడు దాటుతుంది. ఈ మూడింటినీ ఒకే తొట్టిలో వేస్తే ఎవరింట్లోనైనా జరిగేది ఒకటే. తప్పు పిల్లాడిదీ కాదు, తండ్రిదీ కాదు. చేపను కొనేముందు చూడాల్సింది రంగు ఒక్కటే కాదని వాళ్లకెవరూ చెప్పలేదు.

జపాన్ నుంచి మన హాల్లోకి

నీటి మొక్కలే ప్రధానంగా, చేపలు వాటికి తగ్గట్టుగా ఉండే ఈ పద్ధతిని ప్రపంచమంతటికీ పరిచయం చేసినవాడు జపాన్ ఫొటోగ్రాఫర్ తకాషి అమానో (1954–2015). అడవులను పెద్ద కెమెరాతో ఫొటోలు తీసిన ఆయన, అదే అడవిని గాజు తొట్టిలో నాటాడు. రాయి, ఎండు కొమ్మ, నాచు, వాటి మీదుగా ఒకే జాతి చిన్న చేపల గుంపు. ఆయన చివరిగా చేసిన పెద్ద పని పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లోని ఓషియనేరియంలో ఉంది. 40 మీటర్ల పొడవు, 1,60,000 లీటర్ల నీళ్లు.

ఆ ఫొటోలు, ఆ తర్వాత వచ్చిన వీడియోలు, ఇప్పుడు సెల్‌ఫోన్‌లో రీల్స్. చూసిన ప్రతివాళ్లకూ మనింట్లోనూ ఒకటి పెడితే బాగుండుననిపిస్తుంది. రంగు చేపల వ్యాపారానికి చెన్నైలో కొళత్తూరు, కోల్‌కతాలో గాలిఫ్ స్ట్రీట్ పేరుపడ్డ చోట్లు. ఆ రెండు మహానగరాలనూ కలిపే రైలు మార్గం మీదే పలాస, ఆమదాలవలస, విజయనగరం ఉన్నాయి. సరుక్కు లోటు లేదు. అది మన ఊరి వాతావరణంలో ఎలా బతకాలన్న సమాచారానికే లోటు.

ముందు నీళ్లు, తర్వాత మొక్కలు, ఆ తర్వాతే చేప

కొనే వరస మనం తిరగేస్తున్నాం. ముందు చేప నచ్చుతుంది, దానికోసం తొట్టి కొంటాం, ఇంట్లో ఏ నీళ్లుంటే అవి పోస్తాం.

మీ ఇంటి నీళ్లను ఒకసారి చూడండి. తీరం వెంబడి ఊళ్లలో చాలా బోర్లు ఉప్పదేరి ఉంటాయి. బకెట్ అంచున, కుళాయి మూతి దగ్గర తెల్లటి పొర కడుతుంటే, సబ్బు సరిగా నురగ రాకుంటే అవి కఠిన జలాలు. అలాంటి నీళ్లలో గప్పీలు, మోలీలు హాయిగా ఉంటాయి. మోలీకి కాస్త ఉప్పు తగిలినా ఇబ్బంది లేదు. నియాన్‌లకు, జర్మన్ బ్లూ రామ్‌లకు అవి పనికిరావు. ఆర్వో యంత్రం ఉంది కదా అని పూర్తిగా ఆ నీళ్లే పోస్తారు కొందరు. అదీ సరికాదు. లవణాలన్నీ పోయిన నీటిలో మొక్కకు తిండి ఉండదు, చేప ఒంటికీ పట్టదు. బోరు నీళ్లు సగం, ఆర్వో నీళ్లు సగం కలుపుకుంటే చాలామందికి సరిపోతుంది. మున్సిపల్ కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయేదాకా బకెట్లో ఒక రోజు తెరిచి ఉంచాలి.

తర్వాత మొక్కలు. తొట్టిలో ఇసుక పోసి, మొక్కలు నాటి, రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లైటు వేసి, నెలా నెలన్నర ఆగాలి. చేప విసర్జన నుంచి, మిగిలిన తిండి నుంచి అమోనియా పుడుతుంది. దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఇసుకలోనూ ఫిల్టర్‌లోనూ స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొక్కలు కూడా అమోనియాను నేరుగా పీల్చుకుంటాయి. ఈ ఏర్పాటు జరగకముందే చేపల్ని వేస్తే అవి తమ విసర్జనలో తామే చచ్చిపోతాయి. “కొత్త తొట్టి అచ్చిరాలేదు” అని ఇళ్లలో అనుకునే మాటలో చాలాసార్లు అసలు సంగతి ఇదే.

మన ఎండకు తట్టుకునేవేవి?

అక్వేరియం పుస్తకాలు చాలావరకు చలిదేశాల కోసం రాసినవి. వాటిలో హీటర్ గురించి పేజీలకు పేజీలు ఉంటాయి. మనకు అక్కర్లేని సామాను ఏదైనా ఉందంటే అదే. మన బాధ వేసవి. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని గదిలో తొట్టి నీళ్లు 31, 32 డిగ్రీలకు తేలిగ్గా చేరతాయి.

నీళ్లు వేడెక్కితే రెండు ఇబ్బందులు ఒకేసారి వస్తాయి. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు. 32 డిగ్రీలకు అది 7.3కి పడిపోతుంది. అదే సమయంలో చేప ఒంటి పని వేగం పెరిగి మరింత ఆక్సిజన్ కావాల్సి వస్తుంది. అమోనియా విషం కూడా వేడితో పదునెక్కుతుంది. రాత్రిపూట మొక్కలూ ఆక్సిజన్ పీల్చుకుంటాయి కాబట్టి తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అన్నిటికంటే తక్కువ. ఉదయం లేచి చూసేసరికి చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచి ఉన్నాయంటే కారణం అదే. ఆ రోజు నీళ్ల పైభాగం కదిలేలా పంపు పెట్టండి. చిన్న టేబుల్ ఫ్యాను నీటి మీదుగా తిప్పితే కాస్త చల్లబడుతుంది, అయితే తీరంలో గాలి చెమ్మగా ఉండే రోజుల్లో ఆ లాభం తగ్గుతుంది.

అందుకే వేడిని ఓర్చే చేపనే ఎంచుకోవాలి. గౌరామీలు, బెట్టాలు, ఏంజెల్‌లు, గప్పీలు ఈ లెక్కలో నిలుస్తాయి. నీలం, ఎరుపు రంగులే కావాలని పిల్లలు పట్టుబడితే, మెత్తటి నీళ్లు సమకూర్చగలిగినవాళ్లు నియాన్ బదులు కార్డినల్ టెట్రాలు తీసుకోవచ్చు. అవి నియాన్ కంటే వెచ్చదనాన్ని బాగా తట్టుకుంటాయి. వాటితోపాటు ఏంజెల్‌ను మాత్రం వెయ్యకండి. పెద్దదయ్యాక నోట్లో పట్టే చేపను అది మింగేస్తుంది.

> మొక్కల తొట్టికి పడనివి
>
> గోల్డ్‌ఫిష్: లేత మొక్కల్ని మేస్తుంది, ఇసుక తవ్వుతుంది.
>
> ఫ్లవర్ హార్న్, ఆస్కార్: అదృష్టం తెస్తుందని ఫ్లవర్ హార్న్‌ను ఇంట పెట్టేవాళ్లున్నారు. 1990లలో మలేసియాలో పుట్టిన సంకర జాతి ఇది. రెండూ నాటినవాటిని పీకి పారేస్తాయి.
>
> సిల్వర్ డాలర్: ఆకుకూర మేసినట్టు మేస్తుంది.
>
> ‘షార్క్’ పిల్లలు: షాపుల్లో ఈ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు పంగాసియస్ పిల్లలు. మన చేపల చెరువుల్లో పెంచి మార్కెట్‌కు తోలే పంగాసియస్, ఇదీ ఒకటే జాతి. మీటరుకు పైగా పెరుగుతుంది.
>
> సక్కర్ లేదా ‘క్లీనర్’: పెద్దయ్యాక 40 సెంటీమీటర్లు దాటుతుంది. తొట్టి శుభ్రం చేయడం మాట అటుంచి, తానే ఎక్కువ మురికి చేస్తుంది.

బీలలోనే ఉన్నాయి

ఇంతదూరం వచ్చాక అసలు సంగతి చెప్పాలి. మన నీళ్లకూ మన ఎండకూ పుట్టుకతోనే అలవాటుపడ్డ చిన్న చేపలు మన చుట్టూనే ఉన్నాయి. వాటివైపు మనం చూడటం మానేశాం.

సోంపేట దగ్గర బీల తెలుసు కదా. వాననీళ్లు నిలిచి, తుంగ, కలువ, నాచు పెరిగే పల్లపు భూములు. చుట్టుపక్కల ఊళ్లకు అదే సాగునీరు, అదే చేపల వేట, అదే పశువుల మేత. ఆ నేలలో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని జనం ఎదురుతిరిగారు. 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతి రద్దయింది. ఆ పోరాటం వల్ల మిగిలిన నీళ్లలో ఏమేం బతుకుతున్నాయో చూడటం కూడా ఆ పోరాటానికి మనమిచ్చే గౌరవమే అని నేననుకుంటాను.

అలాంటి నీళ్లలో, ఊరి చెరువు గట్టు పక్కన, వరిచేల కాలవల్లో కాసేపు కదలకుండా నిలబడితే కొన్నింటిని కంటితోనే గుర్తుపట్టొచ్చు. నీటి పైపొర కిందే, ఆకు నీడన ఒక సన్నని చేప కదలకుండా ఉంటుంది. దాని తల మీద వెండి చుక్క ఒకటి ఎండకు మెరుస్తుంది. అది పాంచాక్స్. దోమ పిల్లలు దాని ఇష్టమైన తిండి. ఎక్కడినుంచో తెచ్చిన ఏ మందూ చేయని పనిని ఈ వేలెడు చేప మన గుమ్మం ముందే చేసిపెడుతుంది. తొట్టిలో ఇది పైభాగాన్ని ఆక్రమిస్తుంది. మరీ చిన్న చేపల్ని మాత్రం దీనితో కలపకూడదు.

మధ్యలో తిరిగే గుంపులకు రాస్బోరా ఉంది. ఒంటి పొడవునా నల్లటి గీత, చురుకైన ఈత, ఎవరి జోలికీ పోని స్వభావం. మొక్కల తొట్టికి ఇంతకంటే బుద్ధిమంతురాలు దొరకదు. గాజు చేప ఇంకో అద్భుతం. ఒళ్లంతా పారదర్శకం. వెలుగుకు అడ్డంగా వచ్చినప్పుడు వెన్నుముల్లు, పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. దీని ఒంట్లోకి సూదితో మెరిసే రంగులు ఎక్కించి అమ్మే దారుణం ఈ వ్యాపారంలో ఉంది. పచ్చగా, గులాబీగా మెరిసే గాజు చేప ఎక్కడ కనబడినా కొనకండి. కొంటే ఆ సూదికి డబ్బు ఇచ్చినట్టే.

పరిగెలు మనకు పులుసులోనే తెలుసు. వాటిలో ఒంటి మీద రెండు నల్ల చుక్కలుండే చిన్న జాతి ఉంది. జతకట్టే కాలంలో మగదాని రెక్కకు ఎరుపు ఎక్కుతుంది. గుంపుగా ఉంచితే బాగా ఆడతాయి. లేత ఆకు చివర్లు కొరికే అలవాటుంది కాబట్టి గట్టి ఆకు మొక్కలతో పెట్టుకోవాలి. అడుగున ఇసుకలో దూరి కళ్లు మాత్రం బయటపెట్టే సన్నని ముళ్ల లోచ్ చేప, మిగిలిన తిండి ఏరుకుని తింటుంది. షాపువాళ్లు క్లీనర్ అంటూ అంటగట్టే సక్కర్‌కు బదులు దీన్ని అడగండి.

చారల గౌరామీని చివరికి ఉంచాను, ఎందుకంటే నాకు అన్నిటికంటే ఇష్టమైనది అది. మగ చేప నీటి పైన తేలే ఆకుల కింద నోటితో బుడగలు ఊది గూడు కడుతుంది. గుడ్లు ఆ గూట్లో చేరాక అటుగా వచ్చిన ప్రతి చేపనూ తరిమేస్తుంది. రాలిన గుడ్డును నోటితో అందుకుని మళ్లీ గూట్లో పెడుతుంది. పిల్లలున్న ఇంట్లో ఇది చూపించగలిగితే ఆ తొట్టి ఖర్చు తీరినట్టే.

మొక్కలకూ దూరం వెళ్లక్కర్లేదు. హైడ్రిల్లా, రిబ్బను ఆకుల వాలిస్నేరియా, కొమ్ముల్లా చీలే హార్న్‌వర్ట్ మన చెరువుల్లో పెరిగేవే. వీటికి కార్బన్ డయాక్సైడ్ గ్యాసు సిలిండర్లు, ఖరీదైన లైట్లు అక్కర్లేదు. పొలాల పక్క నీటి నుంచి తెస్తే పురుగుమందు ఉండొచ్చు. కొన్నాళ్లు విడి బకెట్లో ఉంచి, నత్తలు, తూనీగ పిల్లలు లేవని చూసుకుని వేయాలి. తూనీగ పిల్ల చేప పిల్లల్ని పట్టి తింటుంది. గుర్రపుడెక్క జోలికి మాత్రం వెళ్లొద్దు.

వల పట్టుకుని బీల మీద పడమని కాదు నేననేది. పశ్చిమ కనుమల ‘మిస్ కేరళ’ చేపను అందం కోసం విదేశాలకు విపరీతంగా పట్టి అమ్మారు. ఇప్పుడది అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది. రెండడుగుల తొట్టికి ఎనిమిది పది చేపలు చాలు. అవి తొట్టిలోనే పిల్లల్ని పెడితే మళ్లీ చెరువుకు వెళ్లే పనే ఉండదు.

> విశాఖ తీరంలో 200 చేపలు
>
> ఈస్టిండియా కంపెనీ తరఫున విశాఖపట్నంలో ఉన్న స్కాట్లండ్ వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్ ఈ తీరంలో దొరికిన 200 చేపలకు బొమ్మలు గీయించి, వర్ణనలతో 1803లో లండన్‌లో రెండు సంపుటాలు ప్రచురించాడు. ఇక్కడివాళ్లు ఆ చేపల్ని పిలిచే పేర్లను కూడా అందులో నమోదు చేశాడు. రక్తపింజరిని ఇంగ్లిషువాళ్లు పిలిచేది ఈయన పేరుతోనే.

> ప్రయోగశాలకెక్కిన చారల చేప
>
> నీలం చారల జీబ్రా చేపను మొదట వర్ణించింది ఫ్రాన్సిస్ హామిల్టన్, 1822లో, గంగా పరీవాహక చేపల మీద రాసిన గ్రంథంలో. మన ఉపఖండపు ఈ చిన్న చేపను 1981లో అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త జార్జ్ స్ట్రైసింగర్ జన్యుపరిశోధనలో నిలబెట్టాడు. 2013లో దాని జన్యుపటం వెలువడింది. మనిషి జన్యువుల్లో దాదాపు 70 శాతానికి దానిలో సరిజోడు ఉందని తేలింది. దెబ్బతిన్న గుండె కండరాన్ని అది తిరిగి పెంచుకోగలదు. మొక్కల తొట్టికి చక్కగా నప్పుతుంది, కానీ ఎగిరి దూకుతుంది. మూత తప్పనిసరి.

తుపాను వస్తే?

ఉత్తరాంధ్రలో అక్వేరియం పెట్టేవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఇది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి. ఊళ్లకు ఊళ్లు రోజుల తరబడి చీకట్లో గడిపాయి. మనుషులకే నీళ్లు లేని ఆ రోజుల్లో చేపల గురించి మాట్లాడటం చిన్న విషయంగా తోచవచ్చు. అయినా ఇంట్లో పెంచుకున్న ప్రాణి ఇంట్లో మనిషి బాధ్యతే.

పంపు ఆగిన తొట్టిలో ముందు పోయేవి కిక్కిరిసిన చేపలు. తక్కువ చేపలు, ఎక్కువ మొక్కలు ఉన్న తొట్టి పగటి వెలుగు తగిలితే చాలాసేపు నిలుస్తుంది. గౌరామీలు, బెట్టాలకు ఇంకో వెసులుబాటు ఉంది. వాటి తలలో గాలిని నేరుగా పీల్చుకునే ప్రత్యేక అవయవం ఉంటుంది. పైకి వచ్చి ఒక గుక్క గాలి తీసుకుని మళ్లీ దిగుతాయి. చేపల బజారులో కొంచెం నీళ్లున్న తొట్టెలో కొర్రమీను, మార్పు గంటల తరబడి కదులుతూ ఉండటం మనందరం చూసిందే. అవీ గాలి పీల్చే చేపలే. పండిత గ్రంథాలు చెప్పకపోయినా, తుపానుల తీరంలో గౌరామీని మొదటి ఎంపికగా నేను చెప్పేది ఇందుకే. కరెంటు పోయిన రోజుల్లో తిండి వెయ్యడం మానేయండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప కొన్ని రోజులు పస్తుండగలదు. మిగిలిపోయిన తిండి కుళ్లడమే అసలు ప్రమాదం. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి అక్టోబరుకు ముందే కొని ఉంచుకుంటే మంచిది.

పెరటి తొట్ల నుంచి ఆదాయం

ఈ సరదాలో మన పల్లెలకు ఒక దారి కూడా ఉంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి స్థాయి రంగు చేపల యూనిట్‌కు ఖర్చు 3 లక్షల రూపాయలుగా లెక్కగట్టారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు అందులో 60 శాతం, మిగతావారికి 40 శాతం సాయంగా ఉంచారు. ఇప్పటి నిబంధనలు జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో అడగాలి. చాలామంది గప్పీలు, బెట్టాలతో మొదలుపెడతారు. అంతగా ఎవరూ పెంచని చారల గౌరామీ, రాస్బోరా, గాజు చేపల్ని తొట్టిలో పిల్లలు పెట్టించి అమ్మగలిగితే, బీల మీద బరువు పడకుండా మన చేపకు మార్కెట్ దొరుకుతుంది. స్వయం సహాయక సంఘాల మహిళలు దీన్ని చేపట్టాలని నా కోరిక.

వదిలేస్తే ఎవరికి చేటు?

సక్కర్ చేప పెరిగి తొట్టి పట్టనప్పుడు ఇళ్లలో ఏం చేస్తారు? చంపడానికి మనసొప్పదు. “పాపం, బతకనీ” అని బకెట్లో వేసుకుని చెరువులో వదిలేస్తారు. ఆ జాలి నుంచే ఇవాళ్టి ముప్పు పుట్టింది. ఒంటి నిండా గట్టి పలకలుండే ఆ చేపను పట్టి తినగల జీవులు ఇక్కడ అరుదు. గట్లలో బొరియలు చేస్తుంది, వలలు చింపుతుంది, ఇతర చేపల తిండిని, గుడ్లను ఊడ్చేస్తుంది. మత్స్యకారులు దాన్ని దెయ్యం చేప అని తిట్టుకునేది అందుకే. తూర్పు కనుమల నీటివనరుల్లో అది విస్తృతంగా పాకిందని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో కలిసిన డీఎన్ఏ జాడల్ని పరీక్షించి తేల్చారు. నాగావళి, వంశధార, చంపావతి పుట్టేది ఆ కనుమల్లోనే.

దోమల కోసమని వదిలే గంబూసియాదీ అదే కథ. 1928లో మన దేశానికి వచ్చిన ఈ అమెరికా చేప ప్రపంచంలో అతి హానికరమైన 100 చొరబాటు జాతుల జాబితాలో ఉంది. దోమ పిల్లలతోపాటు మన చేపల గుడ్లను, కప్ప పిల్లలను కూడా తింటుంది. పాంచాక్స్ ఉన్న చెరువుకు గంబూసియా ఎందుకు? మలేరియాతో పోరాడే శాఖలు ఈ ప్రశ్న వేసుకుని తీరాలి.

చదివేవారికి నా మనవి ఒక్కటే. పెంచలేని చేపను షాపుకు తిరిగి ఇచ్చేయండి, పెద్ద తొట్టి ఉన్నవాళ్లకు ఇవ్వండి, ఊళ్లో అక్వేరియం పెట్టుకున్నవాళ్లు ఎవరో కనుక్కోండి. తొట్టి కడిగిన నీళ్లు, కత్తిరించిన మొక్కలు కూడా కాలవలో పారబోయకుండా పెరట్లో చెట్ల మొదళ్లకు వేయండి. షాపులో కొన్న ఏ చేపనూ నాగావళిలో గానీ, వంశధారలో గానీ, మీ ఊరి చెరువులో గానీ వదలకండి.